అందరి తరఫున చదివిన సామ్యూల్

సామ్యూల్‌కు తన దస్తూరి మీద గర్వం ఉండేది. ఆదిలాబాద్ ఊరి బయట, మహారాష్ట్ర వైపు పోయే రోడ్డు మీదున్న, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులో ఇరవై ఆరేళ్లుగా ఆయన టైమ్ ఆఫీసు క్లర్కు. హాజరు వేయడం, షిఫ్టుల పేర్లు రాయడం, సెలవు కాగితాలు తీసుకోవడం ఆయన పని. వీటన్నిటికంటే ఆయన ఇష్టంగా చేసేది గేటు పక్కనున్న నల్లబోర్డు మీద నోటీసు రాయడం. పొద్దున ఏడున్నరకు తడిగుడ్డతో బోర్డు తుడిచి, పైన తారీఖు వేసి, గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాసి, కింద అదే సంగతి మరాఠీలో రాసేవాడు. మిల్లులో చదువు రానివాళ్లు ఎక్కువ. అందుకని షిఫ్టు మారే వేళకు బోర్డు పక్కన నిలబడి గట్టిగా చదివి వినిపించేవాడు. ఆదివారం మెథడిస్టు చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. మిల్లులో చదివినా చర్చిలో చదివినా నీది ఒకటే గొంతు అని భార్య క్యాథరిన్ నవ్వేది.

ఆయన తండ్రి ఇదే మిల్లులో పత్తి బోరాలు మోసిన కూలీ. మిషన్ హాస్టల్లో పెట్టి కొడుకును చదివించాడు. తమ ఇంట్లో కుర్చీలో కూర్చుని పనిచేసిన మొదటివాడు సామ్యూల్. ఆ కుర్చీ మీద ఆయనకు భక్తి ఉండేది, దాంతోపాటు కొంచెం భయం కూడా. తనకు తెలియనిది ఏదైనా ఉందని నలుగురికీ తెలిస్తే ఆ కుర్చీ తనది కాకుండా పోతుందేమోనని.

మూడేళ్ల కిందట కరీంనగర్‌లోని హెడ్డాఫీసు, కంపెనీవాళ్లకు మాత్రమే కనబడే ఒక వెబ్‌సైట్ తయారు చేయించింది. బయటివాళ్లు దాన్ని చూడలేరు. లోపలివాళ్లు తమ నంబరు, పాస్‌వర్డు కొట్టి చూడాలి. దానికి ‘మన పని’ అని పేరు పెట్టారు కాని, మిల్లులో అందరూ పోర్టల్ అనే అన్నారు. దాని పని చూసే సృజన అనే అమ్మాయి ఆదిలాబాద్ వచ్చి, టైమ్ ఆఫీసులో ఒక కంప్యూటర్, క్యాంటీన్‌లో చేత్తో తాకితే పనిచేసే పెద్ద తెర ఒకటి పెట్టించింది. ఆమెకు ముప్ఫై ఏళ్లు ఉండవు. సామ్యూల్‌ను పక్కన కూర్చోబెట్టుకుని రెండు గంటలపాటు చూపించింది. ఆమె వేళ్లు తెర మీద ఎటు పోతున్నాయో సామ్యూల్‌కు అందలేదు. మధ్యమధ్య ఆమె అర్థమైందా అని అడిగినప్పుడల్లా అయిందన్నాడు. కూతురు ఈడు పిల్లను మళ్లీ చెప్పమని అడగడానికి నోరు రాలేదు.

మొదట్లో ఆ తెర దగ్గరికి ఎవరూ పోలేదు. ఒకసారి చూసినవాళ్లు రెండోసారి చూడలేదు. చూడటానికి దాంట్లో ఏముందని? చైర్మన్ పుట్టినరోజు ఫొటోలు, కరీంనగర్‌లో జరిగిన సభల ఫొటోలు, ఎవరికీ కొరుకుడుపడని భాషలో కంపెనీ నియమాలు. పత్తి ఏరి ఏరి వేళ్లు గరుకెక్కిన ఆడవాళ్లు తెర ముట్టుకుంటే అది పలికేది కాదు. నాలుగుసార్లు ఒత్తి, సైరన్ మోగగానే పోయేవాళ్లు.

కాని హెడ్డాఫీసు నుంచి నెలనెలా ఒక జాబితా వచ్చేది. ఏ మిల్లులో ఎంతమంది పోర్టల్ తెరిచారో అందులో ఉండేది. అందరికంటే కింద ఆదిలాబాద్. మేనేజర్ కొండల్‌రావు చెడ్డవాడు కాదు గాని, పెద్దపల్లి మిల్లు కంటే వెనకబడటం ఆయనకు మింగుడుపడలేదు. సామ్యూల్‌ను పిలిపించి, కూర్చోమనకుండానే అన్నాడు.

“ఇరవై ఆరేండ్లాయె నువ్వొచ్చి. గింత చిన్న పని నీతోని కాకపాయెనా సామ్యూల్?”

ఆ మాట ఆయన్ను పట్టుకుంది. మధ్యాహ్నం అన్నం గంటలో తలుపు దగ్గరకు వేసుకుని, ఒక్కడే కూర్చుని నెల రోజుల్లో ఆ కంప్యూటర్ నేర్చుకున్నాడు. తరువాత మిల్లువాళ్లకు నేర్పబోయాడు. పది మందికి చెబితే ఇద్దరికి వచ్చేది. మిగతావాళ్లు పాస్‌వర్డు మరిచిపోయామని మళ్లీ వచ్చేవాళ్లు. అందుకని అందరి నంబర్లు, పాస్‌వర్డులు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాడు. అడిగినవాళ్లకు తానే తెరిచి చూపించాడు. తరువాత సెలవులో ఉన్నవాళ్లవి తెరిచాడు. జాబితా వచ్చే రోజు దగ్గరపడ్డ ఒక పొద్దున, నోటుబుక్కు ముందర పెట్టుకుని, ఒకటో నంబరు నుంచి నూట నలభై మూడో నంబరు దాకా అందరివీ తానే తెరిచి మూసేశాడు. అలవాటు లేక ఆ రోజు గంట పట్టింది. తరువాత తరువాత చేయి తిరిగింది.

ఆ నెల ఆదిలాబాద్ మూడో స్థానానికి వచ్చింది. మరుసటి నెల మొదటి స్థానం. కొండల్‌రావు క్యాంటీన్‌లో అందరికీ మిఠాయి పంచాడు.

కరీంనగర్‌లో పెద్ద మీటింగు పెట్టి సామ్యూల్‌కు శాలువా కప్పారు. ఎట్లా సాధించారో నాలుగు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. చర్చిలో చదివే గొంతుతోనే ఆయన మాట్లాడాడు. ఓపిక ఉంటే ఎవరికైనా నేర్పవచ్చని, తమ మిల్లులో అక్షరం రాని ఆడవాళ్లు కూడా పొద్దున రాగానే పోర్టల్ చూసి గాని పనిలోకి దిగరని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కిందికి దిగాక పెద్దపల్లి మిల్లు క్లర్కు రామచంద్రం ఆయన్ను ఒక పక్కకు తీసుకుపోయి, నోటుబుక్కు నీ దగ్గరనే ఉన్నది గదా, మా దగ్గర గూడ గంతేనని మెల్లగా చెప్పి నవ్వాడు. సామ్యూల్ నవ్వలేకపోయాడు. అట్లాంటిదేమీ లేదన్నాడు. తనలాంటి మనిషి ముందు కూడా అబద్ధమాడినందుకు, ఆదిలాబాద్ చేరేదాకా బస్సులో శాలువా సంచిలోంచి బయటికి తీయలేదు.

అయితే ఆ అంకెలను హెడ్డాఫీసు నమ్మింది. అందరూ రోజూ చూస్తున్నప్పుడు ఇక బోర్డులెందుకు అనుకుంది. ఆగస్టు నుంచి ఏ నోటీసైనా పోర్టల్‌లోనే వస్తుందని, గేటు దగ్గరి బోర్డులు తీసేయాలని ఉత్తరువు వచ్చింది. వేరే దారి లేకపోతే అందరూ పోర్టల్‌కే వస్తారని వాళ్ల ఆలోచన. ప్రతి నోటీసు కింద ‘చదివాను, అర్థమైంది’ అని ఒక బటన్ పెట్టారు. ఎవరు ఏ నిమిషానికి నొక్కారో అదే రాసుకుంటుంది.

ఆ ఉత్తరువును సామ్యూల్ రెండుసార్లు చదివాడు. అప్పుడే చెప్పి ఉంటే శాలువా ఒక్కటే పోయేది. చెప్పలేదు. నల్లబోర్డును స్టోర్ రూములోకి మోయించాడు. కొన్నాళ్లు షిఫ్టు మారేటప్పుడు నోటి మాటగా చెప్పి చూశాడు. నువ్వు చెప్తుంటే వాళ్లెందుకు చూస్తారని కొండల్‌రావు కోప్పడ్డాక అదీ మానేశాడు. పొద్దున రాగానే నోటుబుక్కు తీసి నూట నలభై మూడు మంది తరఫున బటన్ నొక్కడం, తరువాత చాయ్ తాగడం. పండుగ శుభాకాంక్షలకూ, యూనిఫామ్ రంగుకూ, మీటింగు తారీఖుకూ అదే బటన్. పోనుపోను తాను కూడా చదవడం మానేశాడు.

లచ్చవ్వకు నలభై అయిదేళ్లుంటాయి. గింజల గదిలో పని. గింజలు మోసే బెల్టు మీద పత్తి చిక్కుకుని ఆగిపోతే చేత్తో లాగి శుభ్రం చేయడం ఆమె రోజూ చేసే పనుల్లో ఒకటి. బెల్టు ఆగితే ఆగినట్టే. ఆపరేటర్ గంట కొడితే గాని మళ్లీ కదిలేది కాదు. పదేళ్లుగా ఆమెకు తెలిసింది అదే. చర్చిలో ఆమె ఎప్పుడూ ఆడవాళ్ల వైపు రెండో వరుసలో కూర్చునేది. సామ్యూల్ చదువుతుంటే కళ్లు మూసుకుని పెదాలు కదిపేది.

పోయిన నవంబర్‌లో, పత్తి బండ్లు గేటు బయట బారులు తీరిన రోజుల్లో, నాలుగో నంబరు బెల్టుకు కొత్త మోటారు బిగించారు. పన్నెండో తారీఖు పగలు పదకొండు గంటలకు ఆ బెల్టు ఆగింది. లచ్చవ్వ ఎప్పటిలాగే చేయి పెట్టింది. బెల్టు దానంతట అదే కదిలింది. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

ఆమెను జీపులో ఆసుపత్రికి పంపాక సామ్యూల్ టైమ్ ఆఫీసుకు వచ్చి పోర్టల్ తెరిచాడు. నిన్నటి తేదీతో అయిదు నోటీసులున్నాయి. నాలుగోది ఇట్లా ఉంది: “నాలుగో నంబరు బెల్టు ఆగిన మూడు నిమిషాలకు దానంతట అదే తిరిగి మొదలవుతుంది. చేయి పెట్టే ముందు ఎర్ర స్విచ్ కిందికి దించాలి.” దాని కింద, చదివిన ఉద్యోగులు నూట నలభై మూడు అని ఉంది.

ఆయన ఆ రెండు వాక్యాలను మొదటిసారి చదివింది అప్పుడే.

రెండు రోజుల తరువాత ఆసుపత్రికి వెళ్లాడు. బత్తాయిలు పట్టుకుని వార్డు గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. లచ్చవ్వే చూసి పిలిచింది. కట్టు కట్టిన చేయి పొట్ట మీద పెట్టుకుని ఉంది. ఆమె ముఖంలో నొప్పి కంటే బెరుకు ఎక్కువ కనబడింది. పొద్దున కొండల్‌రావు వచ్చి, పోర్టల్‌లో చదివాను అని నొక్కి కూడా చేయి ఎందుకు పెట్టావని అడిగిపోయాడట.

“నేను ఒత్తిన అని రాసి ఉన్నదట గదా అయ్యా. నాకు సదువే రాదాయె. ఎప్పుడు ఒత్తిన్నో యాదికొస్తలేదు. తెల్వక ఏడనో ఒత్తినట్టున్న. తప్పు నాదే ఉండొచ్చు. సారుకు జర నువ్వు చెప్పరాదా, నా పని తీయొద్దని.”

సామ్యూల్ చెప్తానన్నాడు. ఫికర్ చేయకు అన్నాడు. బత్తాయిల సంచి మంచం కింద పెట్టి బయటికి వచ్చాడు. తాను చేసిన పనిని ఆమె తన తప్పుగా ఒప్పుకుంటుంటే తల ఊపి వచ్చిన మనిషి తానే. బస్టాండు దాకా నడిచి, ఎక్కడికి పోవాలో తెలియక మళ్లీ మిల్లుకే పోయాడు.

ఆ ఆదివారం వాక్యం చదవడానికి లేవలేదు. గొంతు బాగలేదని పాస్టర్‌కు చెప్పాడు. ఇంటికి వచ్చాక క్యాథరిన్ గొంతుకు మిరియాల కషాయం కాచి ఇస్తే, అది తాగకుండా ముందర పెట్టుకుని మొత్తం చెప్పేశాడు. నోటుబుక్కు, శాలువా, రామచంద్రం, నవంబర్ పదకొండో తారీఖు పొద్దున. ఆమె అంతా విని ఒక్కటే అంది.

“లచ్చవ్వ తప్పు తనదే అనుకుంటుందా? మరి నీకు అన్నం బుక్క ఎట్ల దిగుతుంది?”

మంగళవారం విచారణ. కరీంనగర్ నుంచి సృజన కాగితాలు తీసుకుని వచ్చింది. మేనేజర్ గదిలో ముగ్గురే కూర్చున్నారు. కొండల్‌రావు విషయం తేలికగా ముగించాలనుకున్నాడు. నోటీసు ఇచ్చాం, ఆమె చదివానని ఒప్పుకుంది, అయినా జాగ్రత్తపడలేదు అని రాస్తే సరిపోతుందన్నాడు. అట్లా రాస్తే లచ్చవ్వకు పని పోతుంది, చట్టప్రకారం రావలసిన పరిహారానికీ అడ్డం పడుతుంది. టైమ్ ఆఫీసు క్లర్కుగా దాని మీద సంతకం పెట్టవలసింది సామ్యూల్.

ఆయన చేతిసంచిలోంచి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. సృజన పుస్తకం తెరిచింది. గుండ్రటి అక్షరాలతో వరుసగా పేర్లు, నంబర్లు, పాస్‌వర్డులు. లచ్చవ్వ పేరు డెబ్భై ఒకటోది.

“ఆమె ఒత్తలే మేడం. నేనే ఒత్తిన. అందరియి నేనే ఒత్తిన” అన్నాడు సామ్యూల్. తరువాత, “ఆ నోటీసు నేను గూడ చదవలే” అన్నాడు.

కొండల్‌రావు లేచి కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. ఈ సంగతి ఆయనకు ముందే తెలుసో తెలియదో సామ్యూల్ ఎన్నడూ అడగలేదు, ఆయన చెప్పలేదు. సృజన మాత్రం తన కాగితాల్లోంచి ఒకటి తీసి సామ్యూల్ ముందుకు జరిపింది. పదకొండో తారీఖు పొద్దున ఎవరు ఏ నిమిషానికి బటన్ నొక్కారో అందులో ఉంది. ఒకటో నంబరు నుంచి నూట నలభై మూడు దాకా, ఒక్క నంబరు తప్పకుండా, వరుసగా ఉంది.

“ఈ వరుస నాకు ఎండకాలం నుంచే, బటన్ లేనప్పుడే, కనబడుతుంది సార్” అంది ఆమె తల దించుకుని. “మనుషులు గిట్ల వరుస కట్టి చూస్తరా? అడుగుదామనుకున్న. మీ మిల్లు లెక్క బాగొస్తుందని మా పెద్దసారు నన్ను గూడ మెచ్చుకుండ్రు. అందుకే అడగలే.”

ఆ గదిలో ఇక ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

విచారణ కాగితంలో లచ్చవ్వ తప్పు లేదని రాశారు. ఆమెకు రావలసింది వచ్చింది. సామ్యూల్‌ను రెండు నెలలు పనిలోంచి ఆపి, తరువాత టైమ్ ఆఫీసు నుంచి తీసి స్టోర్‌లో వేశారు. ఆ కుర్చీలో జమున అనే కొత్త క్లర్కు వచ్చింది.

ఆ రెండు నెలల్లో ఆయన చేయవలసిన పని ఒకటి మిగిలిపోయింది. లచ్చవ్వకు తన నోటితో చెప్పలేదు. రేపు పోదాం, ఆదివారం పోదాం అనుకుంటూ వాయిదా వేశాడు. ఈలోగా మిల్లువాళ్లు ఆమెకు చెప్పనే చెప్పారు. జనవరిలో ఒక సాయంత్రం క్యాథరిన్ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి, నువ్వు రాకుంటే నేనే పోయి ఆమెకు మొక్కి వస్తానన్నాక బయలుదేరాడు.

లచ్చవ్వ వాకిట్లో ఎడమచేత్తో బియ్యం చెరగడం నేర్చుకుంటోంది. చాట తిన్నగా నిలవడం లేదు. కూర్చోమని పీట చూపించింది. సామ్యూల్ నిలబడే చెప్పాడు. చెప్పడమంటే పెద్దగా ఏమీ లేదు. ఒత్తింది నేను, ఆసుపత్రిలో నీ ముందు నిలబడి కూడా చెప్పలేదు, అని రెండు మాటలు.

ఆమె చాట కింద పెట్టింది.

“వేళ్లు పోయినయంటే పోయినయి. మిషిన్ కాడ పనిచేసేటోళ్లకు తెల్వంది కాదు” అంది. “గా దవాఖానల పండుకొని, నేనే తెల్వితక్కువదాన్నని నన్ను నేను ఎంత తిట్టుకున్ననో నీకు తెల్వదయ్యా. నా బిడ్డ గూడ తిట్టింది. నువ్వచ్చినవ్, బత్తాయిలిచ్చినవ్, పోయినవ్. గది నాకు మంచిగనిపియ్యలే.”

క్షమించానని ఆమె అనలేదు. క్షమించమని అడిగే ధైర్యం సామ్యూల్‌కు లేదు. క్యాథరిన్ చాట తీసుకుని మిగతా బియ్యం చెరిగి ఇచ్చింది. ముగ్గురూ చాయ్ తాగారు.

ఫిబ్రవరిలో సృజన మళ్లీ వచ్చింది. మేనేజర్ గదికి పోకుండా నేరుగా స్టోర్‌కు వచ్చి, బోల్టుల డబ్బాల మధ్య స్టూలు వేసుకుని కూర్చుంది. పోర్టల్‌ను జనం నిజంగా వాడాలంటే ఏం చేయాలో చెప్పమని అడిగింది. తనను అడగడం ఏమిటని సామ్యూల్ తప్పించుకోబోయాడు. దాన్ని ఎవరూ ఎందుకు చూడలేదో మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు సార్ అందామె.

అది నిజమే. ఈసారి అర్థం కానిచోట అర్థం కాలేదని చెబుతూ, తెలిసింది తెలిసినట్టు చెప్పాడు. పొద్దున వచ్చినవాళ్లు నన్ను అడిగేవి నాలుగే అన్నాడు. రేపు నాకు ఏ షిఫ్టు, ఏ మిషన్ మీద పని, నా సెలవు ఒప్పుకున్నారా లేదా, ఉట్నూర్ వైపు పోయే కంపెనీ బండి ఎన్నింటికి. ఈ నాలుగూ దాంట్లో ఉంటే పిలవకుండానే వస్తారు. చైర్మన్ ఫొటో కోసం రారు. చదువు రానివాళ్లకు అది మాట్లాడాలి, తెలుగులో మాట్లాడాలి, మరాఠీలో మాట్లాడాలి. పాస్‌వర్డు వద్దు, మెడలో కార్డు చూపితే తెరుచుకోవాలి. చేయి కాలు పోయే సంగతి మాత్రం పోర్టల్‌కు వదలొద్దు, మిషన్ దగ్గర నిలబడి మనిషి మనిషికి చెప్పాలి, చెప్పినాక ఏం అర్థమైందో వాళ్ల నోటనే మళ్లీ చెప్పించుకోవాలి. బోర్డు గేటు దగ్గరే ఉండాలి.

సృజన అన్నీ రాసుకుంది. హెడ్డాఫీసులో ఆమె ఎవరెవరితో వాదించిందో తెలియదు గాని, వానలు పడేనాటికి చాలావరకు అయ్యాయి. పాస్‌వర్డుల బదులు కార్డులు వచ్చాయి. మరాఠీ మాటలకు క్యాంటీన్ నడిపే జానకీబాయి గొంతు ఇచ్చింది. తెలుగుకు సామ్యూల్‌నే అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. జమున చదివింది.

ఇప్పుడు షిఫ్టు దిగేవాళ్లు చాయ్ గ్లాసుతో క్యాంటీన్ తెర ముందు నిలబడతారు. కార్డు చూపిస్తే, రేపు నీకు రెండో షిఫ్టు, మూడో మిషన్ అని అది చెబుతుంది. సెలవు కాగితం పట్టుకుని టైమ్ ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు లేరు. తెర ఒక పూట పనిచేయకపోతే మిల్లంతా పరేషాన్ అయి జమున మీద పడుతుంది. నెలనెలా వచ్చే జాబితాలో ఆదిలాబాద్ మూడోదో నాలుగోదో ఉంటుంది. దాని గురించి కొండల్‌రావు ఇప్పుడు ఎవరినీ పిలిపించడు.

సామ్యూల్‌కు రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది. స్టోర్‌లో ఏదైనా సామాను వస్తే దానితో వచ్చిన కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి గాని సంతకం పెట్టడు. లారీవాళ్లు విసుక్కుంటారు. చర్చిలో వాక్యం చదవమని పాస్టర్ రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. లచ్చవ్వ మిల్లుకు తిరిగి రాలేదు, బిడ్డతో కలిసి బడి దగ్గర కూరగాయలు అమ్ముతోంది. ఆదివారాలు చర్చి బయట ఎదురుపడితే ఒక్కోసారి బాగున్నవా అయ్యా అని పలకరిస్తుంది. ఒక్కోసారి చూడనట్టే పోతుంది. ఆమె ఏది చేసినా సామ్యూల్ ఆగి, ఆమె దాటిపోయాకనే మెట్లు దిగుతాడు.